కార్డు మీద మనం పెట్టని ఖర్చు కనిపిస్తే: మొదటి పది నిమిషాల నుంచి మూడు నెలల దాకా ఏం చేయాలి

మా బాబాయ్ రిటైర్డ్ టీచరు, తెనాలి దగ్గర ఉంటారు. నిరుడు ఎండాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం ఆయన పాత స్టూడెంట్ నంబర్ నుంచి వాట్సాప్‌లో "ట్రాఫిక్ చలాన్" అని ఒక ఫైలు వచ్చింది. ఆ వారమే స్కూటర్ మీద విజయవాడ వెళ్ళొచ్చారు కాబట్టి నిజమే అనుకుని నొక్కారు. ఏదో ఇన్‌స్టాల్ అయింది. చలానా చూడాలంటే ఒక్క రూపాయి కట్టమంది. ఒక్క రూపాయే కదా అని క్రెడిట్ కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు కొట్టేశారు. శనివారం పొద్దున మెయిల్ చూసుకుంటే రాత్రి పదకొండు దాటాక 19,500 ఒకసారి, ఇంకో 19,500 ఒకసారి, తర్వాత 8,999 పోయినట్టు ఉంది. ఫోన్‌కి ఓటీపీ వచ్చినట్టే ఆయనకు తెలీదు, ఆ యాప్ మెసేజ్‌లు చదివి పంపించేసింది.

ఇంతవరకూ ఎవరికైనా జరగొచ్చు. నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది తర్వాత జరిగింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పిన్ని తిడుతుందని, పిల్లలు నవ్వుతారని, "ఇన్నేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి నేనే ఇలా చేశానేంటి" అని రెండు రోజులు మనసులోనే పెట్టుకున్నారు. ఆదివారం అదే కార్డు మీద ఇంకో 31,000 పోయింది. సోమవారం సాయంత్రం నాకు ఫోన్ చేశారు. శనివారం పొద్దునే కార్డు ఆపేసి ఉంటే ఆ 31,000 పోయేది కాదు. ఒకవేళ ఆపాక పోయినా అది బ్యాంకు నెత్తిన పడేది, బాబాయ్ నెత్తిన కాదు.

అందుకే ఈ గైడ్ అంతా గడియారం చుట్టూ రాస్తున్నా. తప్పు మీదా, బ్యాంకుదా, మూడో మనిషిదా అన్నది తర్వాత తేలుతుంది. ముందు ఆపండి, చెప్పండి, ఆ చెప్పినట్టు రుజువు దగ్గర పెట్టుకోండి.

మొదటి అడుగు: కార్డు ఆపడం

మెసేజ్ చూడగానే ఎవరు చేశారు, ఎలా చేశారు అని ఆలోచిస్తూ కూర్చోకండి. బ్యాంకు యాప్ తెరిచి కార్డుల సెక్షన్‌లో బ్లాక్ నొక్కండి. చాలా యాప్‌లలో రెండు రకాలుంటాయి. ఒకటి తాత్కాలిక లాక్, మళ్ళీ తెరుచుకోవచ్చు. రెండోది శాశ్వత బ్లాక్, అది చేస్తే కొత్త నంబరుతో కొత్త కార్డు వస్తుంది. కార్డు ఎక్కడో పెట్టి మర్చిపోయారన్న అనుమానం ఉంటే మొదటిది చాలు. తెలియని ఖర్చు పడిందంటే మాత్రం రెండోదే చేయండి, ఎందుకంటే నంబరు బయటికి పోయింది, లాక్ తీసిన మరుక్షణం మళ్ళీ వాడతారు.

యాప్ పనిచేయకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు కార్డు వెనక ఉంటుంది, నెలవారీ స్టేట్‌మెంట్ మీద ఉంటుంది. గూగుల్‌లో మాత్రం వెతక్కండి. టెన్షన్‌లో ఉన్న మనిషి మొదటి రిజల్ట్ నొక్కుతాడని మోసగాళ్ళకు తెలుసు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడ పెట్టేది అందుకే. ఒకసారి మోసపోయి, ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేసి రెండోసారి మోసపోయిన వాళ్ళు ఉన్నారు. కార్డు ఎక్కడో పెట్టేసి నంబరు దొరక్కపోతే బ్యాంకు అసలు వెబ్‌సైట్‌కే వెళ్ళండి. మన బ్యాంకులన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" అనే చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పి, 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. సైటు పేరు చివర అదే ఉందో లేదో చూసుకోండి.

ఒక ముఖ్యమైన సంగతి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఏదైనా ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఎవరో చెబితే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టి ఉంటే, ఈ పనులేవీ ఆ ఫోన్ నుంచి చేయకండి. మీరు కొట్టేది అవతలివాడు చూస్తుండొచ్చు. ఆ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పక్కన పడేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకోండి.

బ్లాక్ చేశాక వాళ్ళు ఒక రిక్వెస్ట్ నంబరో, కంప్లయింట్ నంబరో ఇస్తారు. దాన్ని, టైముతో సహా, కాగితం మీద రాసుకోండి. "శనివారం ఉదయం 7:42, నంబరు ఇది, మాట్లాడిన వ్యక్తి పేరు ఇది" అని. రేపు డబ్బు ఎవరు భరించాలి అన్న తగువులో ఈ ఒక్క గీత మీదే లెక్క నిలబడుతుంది.

రెండో అడుగు: 1930

ఇది కేంద్ర హోంశాఖ కింద నడిచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్, దేశంలో ఎక్కడి నుంచైనా చేయొచ్చు. ఫోన్ ఎంగేజ్ వస్తే ఆగకుండా మళ్ళీ మళ్ళీ చేయండి, ఈలోగా ఇంకొకరితో సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపించండి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది, ఆంధ్రాలో పోలీసుల సైబర్ విభాగం ఉంది. మీరు వాళ్ళ ఆఫీసులు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు, 1930కి చేస్తే సమాచారం మీ రాష్ట్ర పోలీసుల దగ్గరికే చేరుతుంది.

ఇంత తొందర ఎందుకంటే, పోయిన డబ్బు ఒక చోట ఉండదు. ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాలకు, అక్కడి నుంచి ఇంకో పదింటికి వెళ్ళి, చివరికి ఎక్కడో ఏటీఎంలో నగదుగా బయటికి వస్తుంది. 1930 వాళ్ళు ఆ దారి వెంట బ్యాంకులకు సమాచారం పంపి, డబ్బు ఏ ఖాతాలో మిగిలి ఉంటే అక్కడ హోల్డ్ పెట్టిస్తారు. గంటలో చెబితే దొరకొచ్చు, మూడు రోజులకు చెబితే ఖాళీ ఖాతా దొరుకుతుంది.

ఫోన్ చేసే ముందు చేతిలో పెట్టుకోవాల్సినవి: మీ పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు పేరు, కార్డు వివరాలు, డబ్బు పోయిన తేదీ, టైము, మొత్తం, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు, డబ్బు ఎవరి పేరు మీద వెళ్ళిందో ఆ పేరు. పిన్, సీవీవీ (కార్డు వెనకున్న మూడంకెలు), ఓటీపీ అక్కడ కూడా ఎవరూ అడగరు. అడిగితే మీరు ఫోన్ చేసింది 1930కి కాదు. చివర్లో అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వస్తుంది, దాన్నీ అదే కాగితం మీద రాయండి.

మూడో అడుగు, చాలామంది చేయనిది

క్రెడిట్ కార్డు మోసంలో డబ్బు చాలాసార్లు నేరుగా ఖాతాకు వెళ్ళదు. గిఫ్ట్ కార్డులు కొంటారు, వాలెట్‌లో వేస్తారు, ఫోన్లు ఆర్డర్ చేస్తారు, ఎవరిదో కరెంటు బిల్లు కడతారు. మెసేజ్‌లో ఆ షాపు పేరు ఉంటుంది. ఆ కంపెనీ యాప్‌లోకి వెళ్ళి, అసలు కస్టమర్ కేర్‌కి "ఈ టైముకి, ఇంత మొత్తం, ఈ కార్డు చివరి నాలుగంకెలు, ఇది నేను చేయలేదు" అని చెప్పండి. వస్తువు ఇంకా బయలుదేరకపోతే ఆర్డర్ ఆపగలరు, గిఫ్ట్ కార్డు ఇంకా వాడకపోతే స్తంభింపజేయగలరు. బాబాయ్ విషయంలో వెనక్కి వచ్చింది ఈ 8,999 ఒక్కటే, ఒక వాలెట్‌లో అలాగే ఉండిపోయింది. అది చేతికి రావడానికి కూడా నెలలు పట్టింది.

నాలుగో అడుగు: రాతలో పెట్టడం

ఫోన్‌లో చెప్పాం కదా అని ఊరుకోకండి. అదే రోజు బ్యాంకుకు మెయిల్ పెట్టండి. డిస్ప్యూట్ ఫారం (ఈ ఖర్చు నాది కాదని చెప్పే ఫారం) ఉంటే అదీ నింపండి. మెయిల్ పెద్దగా ఉండక్కర్లేదు. బాబాయ్ తరఫున నేను రాసింది ఇంచుమించు ఇలా ఉంది:

"నా కార్డు చివరి నాలుగంకెలు ఇవి. ఫలానా తేదీ రాత్రి 11 తర్వాత జరిగిన ఈ మూడు లావాదేవీలు, ఆదివారం జరిగిన మరొకటి నేను చేయలేదు, ఎవరినీ చేయమనలేదు. ఈ తేదీన ఈ టైముకి ఫోన్‌లో చెప్పి కార్డు బ్లాక్ చేయించాను, రిక్వెస్ట్ నంబరు ఇది. 1930 ఫిర్యాదు నంబరు ఇది. ఈ మొత్తాలను వివాదంలో ఉన్నవిగా నమోదు చేయండి, విచారణ తేలేదాకా వీటి మీద వడ్డీ, లేట్ ఫీజు వేయవద్దు. లావాదేవీలు ఏ పరికరం నుంచి, ఏ పద్ధతిలో ధ్రువీకరించారో ఆ వివరాలు ఇవ్వండి."

జరిగింది జరిగినట్టు రాయండి. ఫైలు ఇన్‌స్టాల్ చేసి ఉంటే చేశానని, ఓటీపీ చెప్పి ఉంటే చెప్పానని. "నాకేం తెలీదు" అని రాసి, తర్వాత బ్యాంకు కంప్యూటర్ రికార్డులో వేరే కనిపిస్తే మీ మొత్తం మాట మీదే నమ్మకం పోతుంది. ఓటీపీ మెసేజ్ మీకు కనిపించనే లేదు అంటే ఆ మాట కూడా స్పష్టంగా రాయాలి, తెలిసి ఓటీపీ చెప్పడం వేరు, ఇది వేరు.

డబ్బు ఎవరు భరించాలి?

దీనికి మూలం రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్. దాని ఆధారంగా ప్రతి బ్యాంకూ తన పాలసీ రాసుకుని వెబ్‌సైట్లో పెడుతుంది. మీ బ్యాంకుది తాజాగా ఎలా ఉందో ఒకసారి చదవండి. అసలు లెక్క ఇది.

బ్యాంకు లోపం వల్ల, బ్యాంకు నిర్లక్ష్యం వల్ల పోతే మీ బాధ్యత సున్నా, మీరు ఎప్పుడు చెప్పినా సరే.

మీ తప్పూ లేదు, బ్యాంకు తప్పూ లేదు, మధ్యలో ఎక్కడో వివరాలు లీకయ్యాయి అనుకోండి. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన 3 పని దినాల్లోపు చెబితే మీ బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే కొంత మీ మీద పడుతుంది: క్రెడిట్ కార్డు లిమిట్ 5 లక్షల దాకా ఉంటే గరిష్ఠంగా 10,000, అంతకు మించి ఉంటే 25,000. పోయింది అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే. ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలో కలపరు, సెలవులు మీ బ్రాంచ్ ప్రకారం చూస్తారు.

మీరే ఓటీపీ, పిన్, కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మొత్తం మీదే. కానీ చెప్పిన క్షణం తర్వాత ఇంకేం పోయినా అది బ్యాంకుది. బాబాయ్ 31,000 ఇక్కడే ఇరుక్కుంది. తప్పు తనదే కాబట్టి చెప్పినా లాభం లేదనుకున్నారు ఆయన. నిజానికి తప్పు తమవైపు ఉన్నవాళ్ళకే త్వరగా చెప్పడం వల్ల అందరికన్నా ఎక్కువ లాభం.

మరో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. చెప్పిన రోజు నుంచి 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా వెనక్కి వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు మీదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. "ఓటీపీతో జరిగింది, కాబట్టి మీరే" అని ఒక్క వాక్యంలో మెయిల్ పంపి కేసు మూసేస్తే అక్కడితో ఆగిపోకండి. బాబాయ్‌కి వచ్చిన మొదటి జవాబు అచ్చం అదే. ఎలా తేల్చారో వివరాలు అడుగుతూ తిరిగి రాయాలి.

ఈలోగా బిల్లు వచ్చింది, కట్టాలా?

మీరు పెట్టిన ఖర్చు పూర్తిగా, గడువులోపు కట్టండి. వివాదంలో ఉన్న మొత్తం గురించి, బ్యాంకు దాన్ని పక్కన పెట్టినట్టు రాతలో తీసుకోండి. మోసం అని కస్టమర్ ఫిర్యాదు చేసిన లావాదేవీల మీద వివాదం తేలేదాకా ఛార్జీలు వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 క్రెడిట్ కార్డు మార్గదర్శకాల్లోనే ఉంది. కోపంతో మొత్తం బిల్లు కట్టడం మానేస్తే మాత్రం మీ ఖర్చు మీద వడ్డీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రికవరీ ఫోన్లు మొదలవుతాయి.

ఆటో పే పెట్టుకున్నవాళ్ళు ఇది వెంటనే చూడండి. బిల్లు కట్టాల్సిన తేదీ రాగానే వివాదంలో ఉన్నదీ కలిపి మొత్తం సేవింగ్స్ ఖాతా నుంచి లాగేస్తుంది. దాన్ని ఆపి చేత్తో కట్టండి.

పోలీస్ స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే?

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, దాన్నే మనం జీరో ఎఫ్ఐఆర్ అంటాం. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లు ప్రస్తావించండి. మొదటిది ఇంకొకరి పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం లాంటి గుర్తింపు వాడుకోవడం గురించి, రెండోది కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం గురించి. రెండింటికీ మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

1930 ద్వారా ఎక్కడైనా డబ్బు హోల్డ్ అయితే అది దానంతటదే మీ ఖాతాలోకి రాదు, కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలాంటి డబ్బు చాలామందికి వెనక్కి ఇప్పించారు. హోల్డ్ పడిందని తెలిస్తే స్టేషన్‌కి వెళ్ళి తదుపరి లోక్ అదాలత్‌లో మీ కేసు పెట్టమని అడగండి. అడగనివాళ్ళ ఫైలు అడుక్కి వెళ్ళిపోతుంది.

బ్యాంకు వినకపోతే

ముందు బ్యాంకులోనే పై స్థాయికి, అంటే నోడల్ ఆఫీసర్‌కి రాయండి. మొదటి ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సరిపడకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఫిర్యాదు ఉచితం, వకీలు అక్కర్లేదు, సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో నింపాలి. సందేహాలకు 14448 నంబరు ఉంది. మీరు రాసుకున్న ఆ కాగితం, మెయిళ్ళు, స్క్రీన్‌షాట్లు ఇక్కడే పనికొస్తాయి.

ఆ ఫోన్ సంగతేంటి?

పక్కన పడేసిన ఫోన్ గురించి. యాప్ తీసేస్తే సరిపోదు, కొన్ని యాప్‌లు ఐకాన్ దాచుకుంటాయి, కొన్ని అడ్మిన్ అనుమతి తీసుకుని తీయనివ్వవు. ముఖ్యమైన ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడమే నా సలహా. సగం సగం శుభ్రం చేసి మళ్ళీ బ్యాంకు యాప్ పెట్టుకుంటే ఏడుపే. రీసెట్ తర్వాత జీమెయిల్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చండి.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి లాగౌట్ చేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. మీ పేరుతో మీ గ్రూపులన్నిటికీ అదే ఫైలు వెళ్ళి ఉండొచ్చు కాబట్టి ఒక మెసేజ్ పెట్టండి. బాబాయ్‌కి ఇది ఎంత కష్టమైందో చూశాను, అయినా పెట్టారు. పెట్టిన పావుగంటలో ఇద్దరు "సార్, మేమూ నొక్కాం" అని ఫోన్ చేశారు.

ఎవరైనా "కొరియర్ రాలేదు, ఈ నంబరు డయల్ చేయండి" అని స్టార్ 401 స్టార్‌తో మొదలయ్యే కోడ్ చెబితే మీ కాల్స్ వాళ్ళకు మళ్ళించే ప్రయత్నం అది. అలా చేసి ఉంటే ##002# డయల్ చేయండి, అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి.

కార్డు కాదు, నా పేరే వాడేశారు

ఇది ఇంకా నెమ్మదిగా కాల్చే నిప్పు. పాన్, ఆధార్ కాపీలతో ఎవరో లోన్ తీసుకుంటారు, కార్డు తీసుకుంటారు, మీకు తెలిసేది ఆరు నెలలకు, రికవరీ వాడు ఫోన్ చేస్తేనో, ఇంటి లోన్ రిజెక్ట్ అయితేనో.

కనిపెట్టడానికి దారి క్రెడిట్ రిపోర్ట్, అంటే మన పేరు మీదున్న లోన్లు, కార్డుల చిట్టా. అది ఇచ్చే సంస్థలు మనకు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. నేను మూడు నెలలకు ఒక సంస్థ చొప్పున తీస్తాను, అలా ఏడాది పొడవునా పైసా ఖర్చు లేకుండా కాపలా ఉంటుంది. స్కోరు చూసి సంతోషపడి మూసేయకండి. కిందికి వెళ్ళి రెండు చోట్ల చూడాలి. ఖాతాల జాబితాలో మీరు తీసుకోని లోన్ గానీ కార్డు గానీ ఉందా, ఎంక్వైరీల జాబితాలో మీరు అప్లై చేయని కంపెనీ పేరుందా. మీ చిరునామాలు, ఫోన్ నంబర్లలో ఎప్పుడూ చూడనిది ఉందా అన్నది కూడా. నకిలీ లోన్‌కి ముందు అక్కడే మొదటి ఆనవాలు కనిపిస్తుంది.

ఏదైనా ఉంటే అదే సైట్‌లో డిస్ప్యూట్ వేయండి, అదే రోజు ఆ లోన్ ఇచ్చిన సంస్థకు కూడా రాసి మీ పేరుతో వచ్చిన అప్లికేషన్, ఫొటో, కేవైసీ కాపీలు అడగండి, పోలీసు ఫిర్యాదు జతచేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది, ఆ మాట మెయిల్‌లో రాయండి. లోన్ నాది కాదు కదా అని ఊరుకుంటే మాత్రం డిఫాల్ట్ మీ పేరు మీద పెరుగుతూ పోతుంది. అడక్కుండానే మీ పేరున కార్డు పంపి, అది దుర్వినియోగమైతే ఆ నష్టం కార్డు ఇచ్చిన సంస్థదే.

సిమ్‌ల సంగతి కూడా ఇప్పుడే చూసేయండి, రెండు నిమిషాల పని. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబరుతో లాగిన్ అయితే మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో కనిపిస్తాయి. తెలియనిదాని పక్కన "నాట్ మై నంబర్" నొక్కి రిపోర్ట్ చేయండి. మీ ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్ళ ఫోన్లలో అదే కంపెనీ సిగ్నల్ బాగానే ఉంటే అనుమానించండి, మీ నంబరు మీద ఇంకో సిమ్ తీసి ఉండొచ్చు. టవర్ సమస్య అనుకుని నిద్రపోకండి.

ఆధార్‌కి వస్తే, చూపించాల్సి వచ్చిన చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే, అక్షరాల మీదుగా అడ్డంగా "ఫలానా పని కోసం, ఫలానా వారికి, తేదీ" అని రాసి సంతకం పెట్టండి. జిరాక్స్ షాపులో, నెట్ సెంటర్‌లో ఫైలు వాట్సాప్ చేసి ప్రింట్ తీయించుకుంటే, పని అయ్యాక మీ ఎదురుగా డిలీట్ చేయించండి, మొహమాటం వద్దు.

ఆధార్‌లో మీ వేలిముద్రలకు బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. వేలిముద్రతో డబ్బు తీసే ఆధార్ చెల్లింపుల్లో ఓటీపీ ఉండదు, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రలను కాపీ చేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన దగ్గర జరిగాయి. కాకపోతే రేషన్ షాపులోనూ, పెన్షన్‌కూ వేలిముద్ర వేసే పెద్దవాళ్ళకు లాక్ చేస్తే ప్రతిసారీ తెరవాల్సి వస్తుంది, అది వాళ్ళతో కాదు. అలాంటి చోట ఆ ఖాతాలో తక్కువ డబ్బు ఉంచి, మిగతాది వేరే ఖాతాలో పెట్టడం నయం. ఆధార్ ఎక్కడెక్కడ వాడారో గత ఆరు నెలల చిట్టా ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్లో చూడొచ్చు, సాయానికి 1947.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకు

అక్కడ పద్ధతి వేరు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాగానే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకోమనండి. 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం, ఫ్రీజ్ ఉండగా వాళ్ళ పేరున కొత్త కార్డు తీయడం చాలా కష్టం, తమకు కావాలంటే కాసేపు తెరుచుకోవచ్చు. గుర్తింపు దొంగతనం జరిగితే ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్‌లో రిపోర్ట్ చేస్తే ఏం చేయాలో వరుసగా ప్లాన్ ఇస్తుంది. క్రెడిట్ కార్డు మోసానికి కస్టమర్ బాధ్యత చట్టప్రకారం 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డుకు ఆలస్యమయ్యేకొద్దీ బాధ్యత పెరుగుతుంది కాబట్టి ఆన్‌లైన్ కొనుగోళ్ళకు క్రెడిట్ కార్డే వాడమనండి.

ఈ ఆదివారం అమ్మానాన్నల ఫోన్ తీసుకుని చేయాల్సినవి

కార్డు సెట్టింగ్స్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి. చాలా విదేశీ సైట్లలో మన ఓటీపీ అడగకుండానే డబ్బు పోతుంది, పెద్దవాళ్ళకు ఆ అవసరమే ఉండదు. ఆన్‌లైన్ లిమిట్ వాళ్ళ నెల ఖర్చుకు సరిపడా పెట్టండి, లిమిట్ రెండు లక్షలుంటే రెండు లక్షలూ తెరిచి ఉంచక్కర్లేదు. ట్యాప్ చేసి పిన్ లేకుండా 5,000 దాకా కట్టే సదుపాయం వాళ్ళు వాడకపోతే అదీ ఆపేయండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి, అందులో వాట్సాప్, క్రోమ్‌లకు అనుమతి తీసేయండి. అసలు చలానా చూడాలంటే ప్రభుత్వ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే చాలని చూపించండి, చలానా ఎప్పుడూ ఏపీకే (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే) ఫైలుగా రాదు.

బ్యాంకు పేరుతో పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి ఫోన్ వస్తే పెట్టేయమనండి. బ్యాంకుల సర్వీస్ కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. రివార్డ్ పాయింట్లు ఈ రాత్రికి పోతాయనీ, లిమిట్ పెంచుతామనీ, మీరు తీసుకోని కార్డు ఇన్సూరెన్స్ రద్దు చేస్తామనీ ఎవరు చెప్పినా ఫోన్ పెట్టేసి, కార్డు వెనక నంబరుకు మనమే చేసి అడగడం అలవాటు చేయండి. ఓటీపీ మెసేజ్ వచ్చినప్పుడు అంకెలు మాత్రమే చూడకుండా, ఎంత మొత్తం, ఎవరికి అన్నది మొత్తం చదివి వినిపించమనండి. రెండుసార్లు చేయిస్తే వచ్చేస్తుంది.

తర్వాత ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు, 1930, మీ నంబరు రాసి, ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట అంటించండి. బాబాయ్ వాళ్ళింట్లో అది హాల్లో స్విచ్ బోర్డు పక్కన ఉంది. దాని కింద పిన్ని తన చేత్తో ఇంకో లైను రాసింది: "ఏం పోయినా ముందు నాకు చెప్పండి, తిట్టను."